గుడ్డు ముట్టని పిల్లాడు

ఒఫా స్టేషనులో లేగోసు బండి ఆగితే, సామాన్లు దించుకోక ముందే జనం గూడ్సు షెడ్డు వైపు నడిచేవారు. ఆ షెడ్డు నీడలోనే సెలియాతు పొయ్యి పెట్టుకునేది. ఒక పొయ్యి మీద వేరుశనగ నూనెలో చిలగడదుంప బిళ్ళలు వేగుతుండేవి. రెండో పొయ్యి మీద ఉల్లిపాయ, టమాటా, ఎర్ర మిరప కలిపి రుబ్బిన ముద్ద నూనె తేలేదాకా మగ్గుతుండేది. జనం దగ్గరికి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఆమె గుడ్లు పగలగొట్టి ఆ ముద్దలో పోసేది. పోసిన వెంటనే కలిపేది కాదు. అంచులు పట్టేదాకా చూసి, గరిటెను అడుగునుంచి ఒక్కసారి ఎత్తి మడత వేసేది. తొందరపడితే అది పొరటు కాదు, పులుసవుతుందని ఆమె నమ్మకం. అరిటాకు ముక్కలో దుంపలు, వాటి మీద పొరటు. తిన్నవాడు ఆకు నాకి మరీ పారేసేవాడు.

ఒఫా వాళ్ళకు చిలగడదుంప అంటే ఇంటి మనిషి లెక్క. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పెండలం ముద్ద తింటాం అని మీసం మెలేస్తే, ఒఫా వాళ్ళు దుంప తిని కుస్తీలో వాళ్ళ వీపు నేలకు ఆనిస్తాం అనేవారు.

సెలియాతు పక్కన, బోర్లించిన పింగాణి బేసిను మీద ఆమె కొడుకు దీసు కూర్చునేవాడు. నాలుగేళ్ళు నిండి అయిదు నడుస్తున్న పిల్లాడు. గుడ్ల అట్ట వాడి మోకాలి పక్కనే ఉండేది. కోడిపెట్ట పిల్లల్ని కాచినట్టు వాడు ఆ గుడ్లను కాచేవాడు. కానీ వాటిని తినేవాడు కాదు. వాడికి పెట్టేది దుంప, మిరప పులుసు.

ఆ ఊళ్ళో పిల్లలకు గుడ్డు పెట్టని ఇళ్ళు చాలా ఉండేవి. రుచి మరిగిన నోరు ఊరుకోదు, ఇంట్లో దొరకని రోజు చెయ్యి పక్కింటి కోళ్ళగూట్లోకి పోతుంది, గూటిదాకా పోయిన చెయ్యి అక్కడితో ఆగదు అని పెద్దవాళ్ళు చెప్పేవారు. గుడ్డు తిన్న పిల్లాడు దొంగ అవుతాడు. కాలం మారి కొన్ని ఇళ్ళలో ఆ పట్టు సడలింది. సెలియాతు అత్త మొరియామో ఇంట్లో మాత్రం సడలలేదు.

గార్డు సుబేరుకు అదొక ఆట. బండి ఆగగానే పచ్చజెండా చంకలో పెట్టుకుని వచ్చేవాడు.

“ఏరా దీసూ, ఒకటి నొక్కెయ్యరా. మీ అమ్మ అటు తిరిగింది.”

దీసు రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. “నేను తినను. గుడ్డు తింటే దొంగలవుతారు.”

“మరి నేను రోజూ తింటున్నానే! నేను దొంగనా?”

దీసు అతన్ని కిందినుంచి మీదికి చూసేవాడు. “ఆ టోపీ ఎవరిది?”

ప్లాట్‌ఫారం అంతా గొల్లుమనేది. “దొరికావు గార్డూ, టోపీ దింపు, సర్కారు టోపీ!” అని అవేరో కేకేసేది. అవేరో పక్కనే అలసంద వడలు వేసే మనిషి. బండిలో ఉన్న ముసలాళ్ళు కిటికీలోంచి తలలు బయటపెట్టి, “ఏ తల్లి పెంపకమమ్మా! అంత దగ్గర్లో ఉన్నా చెయ్యి చాపడు,” అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా సెలియాతు తల వంచుకుని గరిటె తిప్పేది. లోపల మాత్రం నెయ్యి కరిగినట్టుండేది. భర్త తిజానీది దూరంగా ఉత్తరాన రైల్వే వర్కుషాపులో పని. ఏడాదికోసారి వచ్చేవాడు. బిడ్డను ఒంటిచేత్తో పెంచుతున్నదానికి ఆ మెప్పు తప్ప వేరే సాక్ష్యం ఏముంటుంది?

ఎడారి దుమ్ముగాలి మొదలైన నెలలో దీసుకు తట్టు పోసింది. ఒళ్ళంతా ఎర్రగా పేలి, కళ్ళు పుసులు కట్టి, దగ్గుతో పడకేశాడు. వీధిలో ఇద్దరు పిల్లలు ఆ తట్టుతోనే పోయారు. దీసు బతికాడు. మొరియామో పగలంతా మనవడి పక్కనే కూర్చుని తడిగుడ్డతో కళ్ళు తుడిచింది. అది ఎవరూ కాదనలేని మాట. పథ్యం కూడా ఆమే చెప్పింది. అలసందలు పొట్ట నడిపిస్తాయి, వద్దు. చేప పురుగు పుట్టిస్తుంది, వద్దు. మొక్కజొన్న గంజి, మెత్తగా ఉడికిన దుంప, అంతే. సెలియాతు అలాగే పెట్టింది.

కొన్నాళ్ళకు వాడి ముఖం నిండుకుంది.

“ఏం పెడుతున్నావే దీసు తల్లీ?” అంది అవేరో. “వీడి బుగ్గలు చూడు, నా వడల్లా పొంగాయి.”

“అవ్వ చెయ్యి,” అంది సెలియాతు.

“చెయ్యి అంటే అదీ. నన్నూ ఆమె దగ్గరికి పంపు, నా మొగుడు గుర్తుపట్టకుండా ఉంటాడు.”

తరవాత వాడి జుట్టు రంగు మారింది. నల్లగా నొక్కులుగా ఉండే జుట్టు ఎండు మొక్కజొన్న పీచులా పలచబడి ఎర్రబారింది. దానికీ నవ్వారు. తెల్లదొర పిల్లాడు వచ్చాడన్నారు. గార్డు సుబేరు సలాము కొట్టి, “దొరగారూ, ఒక గుడ్డు?” అని అడిగాడు. దీసు ఏమీ అనలేదు. సుబేరు టోపీ తీసి వాడి మొహం ముందు ఊపాడు. వాడు దాని వైపు చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. “నిద్రొస్తున్నట్టుంది,” అని సుబేరు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సెలియాతు ఆ వేళ మొదటిసారి గరిటె ఆపి కొడుకు వైపు చూసింది. వాడు ఊరికే కూర్చుని ఉన్నాడు. ఈగ ఒకటి పెదవి మీద వాలితే తోలుకోలేదు.

ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు ఒలాయితాన్ డ్యూటీకి పోతూ అక్కడ టిఫిను తినేది. పెద్ద గొంతు, పెద్ద మనిషి. నెల పైగా ఆమె సెలవులో ఉండి అప్పుడే వచ్చింది. ఆకు చేతిలోకి తీసుకుని ఒక బిళ్ళ నోట్లో వేసుకుంది. దీసు పాదాల వైపు చూసి నమలడం ఆపింది. వంగి, వాడి పాదం మీద బొటనవేలు నొక్కి తీసింది. మెత్తని మట్టిలో పడ్డట్టు అక్కడ గుంట పడింది. ఆ గుంట పూడలేదు.

“ఎప్పటినుంచి ఇలా ఉన్నాడు?”

“తట్టు తగ్గాక కాస్త ఒళ్ళు చేశాడు సిస్టరూ.”

“ఇది ఒళ్ళు కాదమ్మా. నీళ్ళు.” ఆమె ఆకు కింద పెట్టేసింది. “ఏం తింటున్నాడు?”

“దుంప. గంజి.”

“ఇంకా?”

“పులుసు.”

“పులుసులో ఏం వేస్తావు?”

సెలియాతు గరిటెతో మూకుడు అంచు గీకింది. నర్సు గుడ్ల అట్ట వైపు చూసింది, దీసు వైపు చూసింది. అరుస్తుందనుకుంది సెలియాతు. ఆమె అరవలేదు. షెడ్డు అరుగు మీద కూలబడింది.

“మా అమ్మా నాకు పెట్టలేదులే,” అంది. “నర్సు చదువుకు పోయినప్పుడు హాస్టల్లో మొదటిసారి తిన్నా. తిన్నాక నా పెట్టె ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో! ఎవరి సొమ్మన్నా వచ్చి చేరిందేమోనని.” అవేరో నవ్వింది. నర్సు నవ్వలేదు. “దుంప కడుపు నింపుతుంది దీసు తల్లీ, ఒంటిని కట్టదు. ఇంటికి గోడ లేకుండా మట్టి మెత్తి కూర్చున్నట్టుంది మీ పని. ఇవాళ్టినుంచి వీడికి గుడ్డు పెట్టు. మెత్తగా ఉడకబెట్టి, దుంపలో మెదిపి, కొంచెం కొంచెంగా. రేపు పొద్దున కేంద్రానికి పట్టుకురా. ఆలస్యం చెయ్యకు.”

“మా అత్త…”

“మీ అత్త సంగతి నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. పిల్లాడి సంగతి చూడు.”

సెలియాతు ఇంటికి పోయేదాకా ఆగలేదు. నూనె మూకుడు దింపేసి, చిన్న సత్తుగిన్నెలో ఒక దుంప, ఒక గుడ్డు ఉడకేసింది. పదిమందికి వండే మనిషికి, ఆ ఒక్క గుడ్డు పెంకు తియ్యడానికి చాలాసేపు పట్టింది. పచ్చసొన కనబడకుండా దుంపలో మెత్తగా మెదిపింది. పైన కాస్త ఉప్పు చల్లింది. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని మొదటి ముద్ద పెదవులకు ఆనించింది.

దీసు వాసన చూశాడు. వాడు ఆ అట్ట పక్కన పెరిగిన పిల్లాడు.

“అమ్మా, ఇందులో గుడ్డుంది.”

“లేదు నాన్నా. దుంపే. కొత్త దుంప, పచ్చగా ఉంది.”

“గుడ్డే.”

“మందురా. సిస్టరు ఇచ్చింది. తింటే కాళ్ళ వాపు పోతుంది. ఒక్కటంటే ఒక్కటి.”

“అవ్వ తినమందా?”

సెలియాతుకు అబద్ధం చప్పున రాలేదు. ఆ క్షణం చాలు వాడికి. రెండు చేతులూ మెల్లగా వీపు కిందికి పోనిచ్చాడు. వాచిన వేళ్ళతో అదంత సులువు కాదు, అయినా పోనిచ్చాడు.

“నేను దొంగను కాదు,” అన్నాడు. నోరు మూసుకున్నాడు.

బతిమాలింది. పాట పాడింది. కసిరింది. చివరికి బుగ్గలు నొక్కి చెంచా లోపలికి తోయబోయింది. చెంచా పళ్ళకు తగిలి టక్కుమంది. వాడు ఏడవలేదు. ఏడ్చినా నోరు తెరుచుకునేది. తల్లి వైపు చూస్తూ, పళ్ళు బిగించి, అలాగే ఉన్నాడు. అవేరో పొయ్యి వదిలేసి వచ్చి, “వదిలెయ్యవే, ఊపిరాడక చస్తాడు,” అని చెంచా లాక్కుంది.

ఇంటికి పోయి సెలియాతు అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ ఇంటి కోడళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడే తీరు అదే. కానీ ఆ రోజు మర్యాదకు కూర్చున్నట్టు లేదు, కాళ్ళు విరిగి కూర్చున్నట్టుంది.

“అమ్మా, నర్సు చెప్పిందని గుడ్డు దుంపలో మెదిపి పెడితే వాడు నోరు తెరవలేదు. మీరు చెబితే తింటాడు. ఒక్క మాట చెప్పండి.”

మొరియామో తస్బీ పూసలు లెక్కిస్తూ ఉంది. ఆపలేదు. “ఆ నర్సు పెళ్ళి చేసుకుందా? పిల్లల్ని కన్నదా?”

“కనలేదమ్మా.”

“మరి? కన్నవాళ్ళకు చెబుతుందేం?”

“పాదం నొక్కితే గుంట పడుతోంది. మీరే నొక్కి చూడండి.”

“చూశాను.” పూసలు ఆగాయి. “నువ్వు చూడక ముందే చూశాను. నాకు కళ్ళు లేవనుకున్నావా?”

పెరట్లో ఎవరిదో మేక అరుస్తోంది.

“సాలావు పేరు విన్నావు కదా ఈ ఇంట్లో,” అంది మొరియామో.

వినలేదు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. తన భర్తకు ఒక అన్న ఉండేవాడని, కుస్తీలో పేరు మోసినవాడని, ఎక్కడో సంతలో గొర్రెను దొంగిలించాడని జనం కొట్టి చంపారని సెలియాతు బయటివాళ్ళ నోట విన్నది. శవం కూడా ఇంటికి రాలేదట.

“పుట్టినప్పుడు పిట్టంత ఉండేవాడు,” అంది మొరియామో. “బతకడన్నారు. నాకొక నల్లపెట్ట ఉండేది. అది పెట్టిన గుడ్డు మా అత్తకు తెలియకుండా వేణ్ణీళ్ళ కుండలో వేసి ఉడికించి, వాడి నోట్లో పెట్టేదాన్ని. దుంపలో మెదిపి, నువ్వు చేసినట్టే. ఇదిగో, ఈ చేత్తోనే. వాడు ఎంత లావయ్యాడో తెలుసా? గుమ్మంలో పట్టేవాడు కాదు. ఆ ఒళ్ళు నేను పెంచిందే. ఆ సంతలో పడి ఉన్నదీ ఆ ఒళ్ళే. వాడు గొర్రెను తీశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను గుడ్డు పెట్టానన్నది మాత్రం తెలుసు.”

“అమ్మా, వీడు వేరు…”

“ఒకణ్ణి తినిపించి పోగొట్టుకున్నా. ఇంకోణ్ణి తినమని ఈ నోటితో చెప్పమంటావా? నా వల్ల కాదు. నువ్వు పెట్టుకుంటే పెట్టుకో. నేను చూడను, అటు తిరుగుతా. చెప్పమని మాత్రం అడక్కు.”

అది ఆమె చెయ్యగలిగిన ఉపకారంలో ఆఖరు మెట్టు. సెలియాతుకు అర్థమైంది. కానీ దీసుకు కావలసింది అవ్వ అటు తిరగడం కాదు, ఇటు తిరిగి ఒక మాట చెప్పడం.

తెల్లవారి ఆరోగ్య కేంద్రంలో చేర్చారు. నర్సు పాలపొడి కలిపి చెంచాతో పట్టింది. పాలకు వాడు అడ్డు చెప్పలేదు. కానీ తాగినవి నిలవలేదు, పైనుంచో కిందనుంచో వచ్చేసేవి. కాళ్ళ మీద చర్మం పాత గోడ సున్నంలా పెచ్చులు లేచింది. సెలియాతు రోజూ పొద్దున దుంప, గుడ్డు ఉడికించి తెచ్చేది. రోజూ వాడు వాసన చూసి పళ్ళు బిగించేవాడు. పక్క మంచం మీద జ్వరంతో ఉన్న పిల్లాడి తల్లి ఒకామె ఇది చూసి మెచ్చుకోలుగా తల ఆడించింది. “ఎంత బుద్ధిమంతుడమ్మా నీ కొడుకు,” అంది. సెలియాతు గిన్నె పట్టుకుని వరండాలోకి పోయి గోడకు నుదురు ఆనించుకుని నిలబడింది.

నర్సు కూడా వాడితో వాదానికి దిగింది. “చూడరా దీసూ, నేను తింటాను గుడ్డు. ఇంతవరకు ఎవరి చెంచా కూడా తియ్యలేదు.”

వాడు ఆమె జేబులో ఉన్న థర్మామీటరు వైపు ఒకసారి చూశాడు. ఇదివరకైతే ఏదో ఒకటి అనేవాడు. అనడానికి ఊపిరి లేక ఊరుకున్నాడు. నర్సు వార్డులోంచి విసురుగా వెళ్ళిపోయింది. కాసేపటికి వచ్చి, సెలియాతు చెవిలో, “మీ అత్తను తీసుకురా. ఈడ్చుకు రావలసి వచ్చినా సరే,” అంది.

ఈడ్చుకు రానక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నమే మొరియామో తనంతట తను వచ్చింది. శుక్రవారం జుమా నమాజుకు కట్టుకునే నీలం చుట్టుగుడ్డ కట్టుకుని, తలగుడ్డ బిగించి, చేతిలో మూత పెట్టిన గిన్నెతో వార్డు గుమ్మంలో నిలబడింది. ఎవరి వైపూ చూడలేదు. మంచం దగ్గరికి వచ్చి కూర్చుని మూత తీసింది. దుంప ఉంది. దాని మీద రెండుగా చీల్చిన గుడ్డు ఉంది. ఆమె దాన్ని దాచలేదు. పచ్చసొన కనబడేలా పైనే పెట్టింది.

“దీసూ, ఎవరొచ్చారో చూడు.”

వాడు కళ్ళు తెరిచాడు. “అవ్వా.”

“ఇది గుడ్డు.” ఆమె గొంతు గట్టిగానే ఉంది. “చూస్తున్నావా? మీ అవ్వ తింటోంది.” ఒక ముక్క తుంచి దుంపతో కలిపి తన నోట్లో పెట్టుకుంది. నమలలేదు, ఒక్కసారిగా మింగేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “మీ అవ్వ దొంగా?”

వాడు చాలాసేపు ఆలోచించాడు. “కాదు.”

“మరి నువ్వూ కాదు. నేను చెబుతున్నా. అవ్వ చెబుతోంది, తిను.”

దీసు నోరు తెరిచాడు.

అంతే. అన్నాళ్ళు బతిమాలినా, కసిరినా, పాడినా తెరుచుకోని నోరు, చెప్పవలసిన మనిషి చెప్పగానే తెరుచుకుంది. మొరియామో చిన్న ముద్ద చేసి లోపల పెట్టింది. పెదవులు మూసుకున్నాయి. “మింగు నాన్నా, మింగు,” అని ఆమె వాడి గొంతు మీద వేళ్ళతో నెమ్మదిగా నిమిరింది. నర్సు మంచం కాళ్ళవైపు నిలబడి, నమ్మకం లేనట్టు చేతులు కట్టుకుని చూస్తోంది. వాడు అవ్వనే చూస్తూ పడుకున్నాడు. “తిన్నాడు,” అంది మొరియామో. లేచి, నమాజు వేళయిందని, కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయింది. పోతూ పోతూ, “సాయంత్రం ఇంకొకటి పెడదాం,” అంది.

సెలియాతు కొడుకు మూతి తుడవబోయి, బుగ్గ ఎత్తుగా ఉండటం చూసింది. వేలు పెట్టి చూస్తే ముద్ద అక్కడే ఉంది. చెదరలేదు. అవ్వ చెప్పింది కాబట్టి నోట్లో పెట్టించుకున్నాడు. మింగడానికి కావలసిన ఆకలి వాడి దగ్గర లేదు. ఆకలి ఎప్పుడో వాణ్ణి వదిలిపోయింది. గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో ఆమె ఆ ముద్దను వేలితో బయటికి తీసి, చుట్టుగుడ్డ చెరగులో మూట కట్టుకుంది. నర్సు చూసింది.

పొద్దు వాలే వేళ చేసే ఆ అసర్ నమాజు ముగిసేలోపు దీసు పోయాడు.

ఆ ఊరి ఆచారంలో, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కాటికి పోకూడదు. మట్టి ఎక్కడ ఇచ్చారో కూడా వాళ్ళకు చెప్పరు. మసీదునుంచి మనుషులు వచ్చి, వాణ్ణి తెల్లగుడ్డలో చుట్టి ఎత్తుకుపోయారు. సెలియాతును ఇద్దరు ఆడవాళ్ళు లోపలి గదిలో పట్టుకుని కూర్చున్నారు. ముసలాళ్ళు పోతే ఆ ఊళ్ళో మేళాలు, భోజనాలు, ఒకే రంగు బట్టలు. చిన్నపిల్లాడు పోతే పొయ్యి వెలగదు. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర కాసేపు కూర్చుని, నేల వైపు చూసి లేచిపోయారు. ఎవరూ ఆమెను పేరు పెట్టి పలకరించలేదు. ఆ ఊళ్ళో తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. ‘దీసు తల్లీ’ అనబోయి, మాట మింగి, చేతులు నలుపుకుని వెళ్ళారు. అవేరో మాత్రం చాలాసేపు ఉంది. వెళ్ళేటప్పుడు, “సెలియాతూ,” అంది. తన పేరు అలా పరాయిగా వినబడి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తులేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని పలకలేదు.

తిజానీ వచ్చాడు. గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. సెలవు అయిపోయాక వెళ్ళాడు. ఏం జరిగిందని అతను అడిగితే, తట్టు తిరగబెట్టిందని ఆడవాళ్ళిద్దరూ ఒకే మాట చెప్పారు. ఒకరితో ఒకరు అనుకుని చెప్పలేదు.

ఆ తరవాత మొరియామో తిండి మానేసింది. మొదట్లో సెలియాతు పట్టించుకోలేదు. ముసలామె గోడవారన కూర్చుని, కుడిచెయ్యి చుట్టుగుడ్డ కింద దాచుకునేది. గంజి ముందు పెడితే ముట్టేది కాదు. ఎడమచేత్తో తినడం తప్పు, కుడిచెయ్యి బయటికి తియ్యదు. నీళ్ళు తాగాలన్నా చెంబు ఎవరైనా పెదవులకు అందించాలి.

సెలియాతు దగ్గర ఒక మాట ఉంది. దుంపలు తరుగుతున్నప్పుడు, నూనె పోస్తున్నప్పుడు, బేసిను ఖాళీగా బోర్లించి ఉండటం చూసినప్పుడు, ఆ మాటను లోపల నూరుకుంటూనే ఉంది. ‘పెట్టినందుకు కాదమ్మా, పెట్టనందుకు పోయాడు.’ అంతే ఆ మాట. ఒకసారి అంటే ముసలామె అక్కడికక్కడే కూలిపోతుంది. ఆ సంగతి సెలియాతుకు తెలుసు. కూలిపోవాలనే కొన్ని రోజులు ఆమెకు అనిపించింది. మరికొన్ని రోజులు, ఆ ‘పెట్టనందుకు’లో సగం తనదేనని గుర్తొచ్చేది. పెట్టని చెయ్యి తనది. బండిలోని వాళ్ళు మెచ్చుకుంటే తల వంచుకుని మురిసిందీ తనే. అయినా ఆ మాటను పారెయ్యలేదు. అది తప్ప ఆమెకు చేతికర్ర ఏదీ లేదు.

ఒక మిట్టమధ్యాహ్నం, బండి రావడానికి ఇంకా వ్యవధి ఉన్న వేళ, సెలియాతు ఉడికిన దుంపలు గిన్నెలో పెట్టి అత్త ముందు ఉంచింది.

“తినండమ్మా. చెయ్యి బయటికి తియ్యండి.”

మొరియామో గిన్నె వైపు చూడలేదు. “ఒక్క మాట అడుగుతా, నిజం చెబుతావా?”

“అడగండి.”

“ఇద్దరు. ఇద్దరికీ ఈ చెయ్యే పెట్టింది. పెద్దవాడి సంగతి నాకు తెలియదు, నేను అక్కడ లేను. వీడి దగ్గర ఉన్నాను. నేను పెట్టి అటు పోయానో లేదో…” ఆమె ఎడమచేత్తో చుట్టుగుడ్డను ఇంకా దగ్గరికి లాక్కుంది. “నా ముద్దే కదా వాణ్ణి తీసుకుపోయింది?”

నూరుకున్న మాట సెలియాతు నాలుక మీదికి వచ్చింది. దానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అడుగుతున్నది ఆమే, నిజం చెప్పమన్నదీ ఆమే. సెలియాతు అత్త ముఖం వైపు చూసింది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు రెండు గుంటలై, ఆ ముఖం ఇప్పటికే సగం నేలలో ఉన్నట్టుంది.

“వాడు మింగలేదమ్మా,” అంది.

“ఏంటి?”

“ముద్ద మింగలేదు. బుగ్గలోనే ఉండిపోయింది. మీరు నమాజుకు పోయాక నేనే తీసేశాను. కొంచెం కూడా లోపలికి పోలేదు.”

మొరియామో ఊపిరి బిగబట్టి విన్నది. “నీ కళ్ళతో చూశావా?”

“నా వేలితో తీశాను.”

చుట్టుగుడ్డ కింద ఏదో కదిలింది. ముసలామె కుడిచెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. అన్నాళ్ళు మూసి ఉంచడం వల్ల వేళ్ళు సాగలేదు. ఆమె దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒక్కో వేలూ విప్పుకుంది. ముఖంలోకి రక్తం వస్తున్నట్టు అనిపించింది.

“అల్హందులిల్లా,” అంది. “అయితే వాడి నోరు శుభ్రంగానే వెళ్ళింది. నేను చెడగొట్టబోయినా దేవుడు చెడనివ్వలేదు. ఏ మచ్చా లేకుండా వెళ్ళాడు నా బిడ్డ. అక్కడ వాణ్ణి ఎవరూ దొంగ అనరు. అనరు కదా?”

ఇక ఆ నూరుకున్న మాట ఈ ఇంట్లో అనడానికి చోటు లేదు. ఇప్పుడు చెబితే ముసలామె చేతిలోంచి గిన్నె మాత్రమే కాదు, మనవడు కూడా మళ్ళీ పోతాడు. చెప్పకపోతే, కొడుకు ఎందుకు పోయాడో తెలిసిన మనిషి ఆ గుమ్మంలోపల తనొక్కతే.

“అనరమ్మా,” అంది.

మొరియామో గిన్నె దగ్గరికి లాక్కుని బిస్మిల్లా అంది. దుంప తుంచి నోట్లో పెట్టుకుంది. ముందు మెల్లగా తిన్నది, తరవాత ఆత్రంగా తిన్నది. ఆకలి ఆ ఇంట్లో ఇంకా మిగిలి ఉన్నందుకు సెలియాతు ఆశ్చర్యపోతూ చూసింది. బయట ఎక్కడో, ఉత్తరాన్నుంచి వచ్చే కానో బండి కూత వినబడింది. ఇప్పుడు లేచి పోకపోతే పొయ్యి రాజుకునేలోపు బండి వెళ్ళిపోతుంది. ఆమె లేవలేదు.

“ఇంకో రెండు ముక్కలు వెయ్యమ్మా,” అంది మొరియామో.

సెలియాతు వేసింది.